నేతవారి సరుకు బండి: ఎంపిక, సంరక్షణ

పన్నెలో ఒక్క పుల్ల వంగినచో మనము నేత ఆపుదుము. నాడె మొన గరుకెక్కినచో అరగదీసి నునుపు చేయుదుము. మగ్గము చట్రము ఒక నూలు వాలినను మన కంటికి తెలియకపోదు. కాని గుడ్డ మగ్గము దిగిన తరువాత దానిని బజారు వరకు మోయు బండిని మనలో ఎందరు వంగి చూచుచున్నారు? నూలు ఇంటికి వచ్చుట బండి మీదనే. గుడ్డ ఇల్లు దాటుట బండి మీదనే. నడుమ ఇంటిల్లిపాది చేసిన పని ఎంత చక్కగా కుదిరినను, ఆ రెండు ప్రయాణములలో ఒకటి చెడినచో దాని ఫలము చేతికి రాదు. కావున ఈ పాఠములో సరుకు బండిని ఎట్లు ఎన్నుకొనవలెనో, కొన్న బండిని ఎట్లు కాపాడుకొనవలెనో మేము తెలిసినంతవరకు వివరింతుము.

ఒక ఇరుసు చెప్పిన సంగతి

నిరుటి కార్తికమాసపు వానలలో మా కంటి ఎదుటనే జరిగిన విషయమిది. 60 నూలుచీరల మూటను, దానితో మరి రెండు మూటలను ఒక బాడుగ బండి మీద వేయించుకొని మేము సౌకార్‌పేటలో ఒక సందు గుండా పోవుచుంటిమి. వీధిలో చీలమండ లోతు నీరున్నది. ఎడమ చక్రము కాలువ అంచున దిగినది. టప్పుమని చప్పుడు వినబడినది. ఇరుసు చక్రము దగ్గర తెగి, బండి ప్రక్కకు ఒరిగి, మూటలు బురదనీటిలో పడినవి. బండి లాగువాని పాదము మీద బల్ల అంచు పడుటచే అతడు ఎనిమిది దినములు పనికి రాలేకపోయెను. 60 చీరలలో తడవక మిగిలినవి పది కూడ లేవు. రెండు దినములకొక చీర లెక్కన అది ఒక మగ్గము మీద 120 దినముల పని. నాలుగు నెలల కష్టము ఒక్క క్షణములో రెండవరకము సరుకైనది.

నష్టము ఎవరిదను చర్చ తరువాత వచ్చినది. సరుకు తమ గడప ఎక్కలేదు గనుక తమకు సంబంధము లేదని దుకాణము వారు చెప్పిరి. వానకు, గుంతకు తానేమి చేయుదునని బండి యజమాని చెప్పెను. చివరకు భారము నేసినవారి మీదనే పడినది.

మేము ఆ తెగిన ఇరుసు ముక్కను అడిగి తెచ్చుకొని వెలుతురులో చూచితిమి. తెగిన ముఖములో సగమునకు మించి పాత తుప్పుతో నల్లబడియున్నది. మిగిలిన భాగము మాత్రమే క్రొత్తగా మెరయుచున్నది. దీని అర్థమేమి? ఆ ఇరుసు ఆనాడు విరుగలేదు. ఎన్నో వారముల క్రిందటనే చీలిక పుట్టి, చక్రము తిరిగిన ప్రతి సారి వెంట్రుకవాసి లోపలికి ప్రాకుచు వచ్చినది. ఆనాడు విరిగినది మిగిలిన కొద్ది ఇనుమే. ఒక్క చక్రము విప్పి, గుడ్డతో తుడిచి చూచియున్నచో ఆ గీత కంటికి కనబడియుండెడిది. బండి ఒక్కదినమున చెడదు. అది ముందుగా చెప్పుచునే యుండును, వినువారు కావలెను. ఈ పాఠమునకు మూలమైన మాట ఇదే.

సౌకార్‌పేటకు బండి అవసరము

చెన్నపట్నమునకు, నేతకు గల సంబంధము పాతది. 1734లో గవర్నరు మార్టన్ పిట్ కాలమున కూవం ఒడ్డున నేతవారి కొరకే చింతాద్రిపేట వెలసినది. నేటికిని నగరి, పుత్తూరు, తిరుత్తణి ప్రాంతముల నుండి, ఇంకను దూరపు నేత ఊళ్ల నుండి మన గుడ్డ ఈ పట్నమునకు వచ్చుచున్నది. సెంట్రల్ స్టేషనులో దిగిన మూట వాల్‌టాక్స్ రోడ్డు దాటి సౌకార్‌పేటకు చేరుటకు ఎంతో దూరము లేదు. కాని ఆ కొద్ది దూరమే కష్టము. మింట్ వీధి, గోవిందప్ప నాయకన్ వీధి, అవతల గోడౌన్ వీధి, వాటి నడుమ సందులు లారీ కొరకు కట్టినవి కావు. అక్కడ సరుకు నడచునది చేతిబండి మీద, మూడు చక్రముల బండి మీద.

1973లో తమిళనాడు ప్రభుత్వము మనిషిని మనిషి లాగు రిక్షాలను మాన్పించినది. సరుకును మనిషి లాగుట మాత్రము నిలిచియున్నది. కావున మంచి బండి అనగా మన గుడ్డను కాపాడునది మాత్రమే కాదు, లాగువాని నడుమును, కాళ్లను కాపాడునది కూడ.

కొనుటకు ముందు బరువు లెక్క

బండి చూచుటకు పోవుటకు ముందు ఇంటి వద్దనే కాగితము మీద లెక్క వేయవలెను. చిలపల నూలు కట్ట 10 పౌండ్లు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు. అట్టివి 40 కట్టలు చేరి ఒక బేలు. అది 400 పౌండ్లు, సుమారు 181 కిలోలు. రెండు బేళ్లు వేసినచో 363 కిలోలు. బండి స్వంత బరువు 80 కిలోలనుకొన్నచో మొత్తము 443 కిలోలు. రెండు చక్రముల బండికి ఒక్కొక్క చక్రము మీద సుమారు 220 కిలోలు పడును.

ఇంతటితో లెక్క ముగియలేదు. చక్రము గుంతలో దిగి లేచునపుడు ఆ బరువు రెట్టింపైనట్లు తాకును. కావున ఒక్కొక్క చక్రము, దాని వైపు ఇరుసు 450 కిలోల దెబ్బకు ఓర్చునట్లు ఉండవలెను. సరిగా సరిపోవు బండిని కొనువాడు మొదటి వానాకాలములోనే మోసపోవును. నూలు బేళ్లు ఎన్నడును ఎత్తక చీరల మూటలు మాత్రమే తీసికొనిపోవు కుటుంబమునకు ఇంత బండి అక్కరలేదు. అర కిలో చీరలు నూరు వేసినను 50 కిలోలే గదా. అవసరమునకు మించిన బండి కూడ దండుగయే. దాని బరువును ప్రతిదినము లాగవలసినది మనిషియే.

ఎక్కుడు దిగుడులను కూడ లెక్కింపవలెను. ఇరువది అడుగులకు ఒక అడుగు లేచు వంతెన మీద 443 కిలోల బండిని ఎక్కించుటకు, మామూలుగా లాగు బలము గాక, అదనముగా 22 కిలోల బలము కావలెను. దిగునపుడు అదే 22 కిలోలు లాగువానిని వెనుక నుండి నెట్టును. కావున రైలుపట్టాల మీది వంతెన దాటవలసిన బండికి బ్రేకు తప్పనిసరి. బ్రేకు లేని బండి ఎంత చవుకగా వచ్చినను అది చవుక కాదు.

ఇరుసు

బండిలో మొదట చూడవలసినది రంగు కాదు, ఇరుసు. దీని విషయములో ఒక సూత్రము గుర్తుంచుకొనదగినది. గుండ్రని ఇరుసు బలము దాని మందము ఘనముతో పెరుగును. 25 మిల్లీమీటర్ల ఇరుసుకు, 32 మిల్లీమీటర్ల ఇరుసుకు చూపులో భేదము చిన్నది, ఏడు మిల్లీమీటర్లే. ఇనుము బరువు ఒకటిన్నర రెట్లకు కొంచెము మించును. కాని బలము రెండు రెట్లకు పైగా అగును. బండి చేయించుకొనునపుడు మిగిలిన వాటిలో పొదుపు చేసినను ఇరుసు మందములో చేయరాదు.

ఇరుసు ఎక్కడ పట్టబడియున్నదో కూడ చూడవలెను. చట్రమును మోయు పట్టునకు, చక్రమునకు నడుమ దూరము 10 సెంటీమీటర్లుండుటకు మారుగా 20 ఉన్నచో ఇరుసును వంచు బలము రెట్టింపగును. కావున పట్టు చక్రమునకు ఎంత చేరువగా నుండిన అంత మేలు.

ఇరుసును చట్రమునకు అతుకు వేసి బిగించు పద్ధతి కలదు. యు ఆకారపు బోల్టులతో బిగించు పద్ధతియు కలదు. అతుకు వేడిమి తగిలిన చోటనే చీలికలు పుట్టుట తరచు. అదియును గాక అతికిన ఇరుసును మార్చవలెనన్న కోయవలసినదే. బోల్టులతో బిగించినది ఎప్పుడైనను విప్పి చూడవచ్చును. విప్పి చూడగల దానినే కొనవలెను. గొట్టపు ఇరుసులు తేలికగా నుండును గాని, సముద్రపు గాలి తగులు చెన్నపట్నములో గొట్టము లోపల తుప్పు పట్టినచో బయటికి కనబడదు.

చక్రములు

మన తాతల నాటి బండి చక్రమునకు కొయ్య ఆకులు, పూటీలు, ఇనుప పట్టా ఉండెడివి. నేడు గాలి టైరులు, గట్టి రబ్బరు టైరులు వచ్చినవి. వీధి కొంచెమైనను చదునుగా నున్నచో గాలి టైరు బండి అన్నిటికంటె తేలికగా నడచును. గుంత దెబ్బను తాను మ్రింగి సరుకునకు తక్కువగా అందించును. గట్టి రబ్బరు చక్రము పగులదు, గాలి అడుగదు. కాని లాగుట బరువు, ఇరుసునకు దెబ్బ ఎక్కువ. చిన్న చక్రము గుంతలో మునుగును. పెద్ద చక్రము దానిని దాటును. కావున దుకాణము లోపల నేల మీద త్రోయు బండికి చిన్న గట్టి చక్రములు చాలును. వీధి బండికి పెద్ద గాలి చక్రములు మేలు.

మూడు చక్రముల బండిలో సన్నని కమ్మీల చక్రములుండును. వాటిని పరీక్షించుట మన నేతవారికి ఎవరును నేర్పనక్కరలేదు. పడుగులో ఒక పోగు వదులైనచో దాని ప్రక్క పోగుల మీద లాగుడు ఎక్కువై అవి తెగునని మనకు తెలియును. చక్రపు కమ్మీలును అంతే. వేలితో ఒక్కొక్క కమ్మీని మీటుచు చక్రమంతయు తిరిగి రావలెను. ఒకే వైపు కమ్మీలన్నియు ఇంచుమించు ఒకే స్వరము పలుకవలెను. డబ్బుమని మొద్దుగా పలికినది వదులైనది. దానిని ఆనాడే బిగించినచో ఒక్క కమ్మీతో పోవును. నెల ఆగినచో చక్రము వంకర పోవును.

పాత మోటారు టైరులు వేసిన బండి కొనునపుడు టైరు ప్రక్కన అచ్చొత్తిన నాలుగు అంకెలను చదువవలెను. 2321 అని యున్నచో అది 2021వ సంవత్సరములో 23వ వారమున తయారైనదని అర్థము. పై గీతలు లోతుగా నున్నను, ప్రక్కల సన్నని పగుళ్లు వచ్చిన టైరు బరువునకు పనికిరాదు. రెండు చక్రములలోను గాలి సమానముగా నుండవలెను. ఎంత ఉండవలెనో టైరు మీదనే ముద్రించియుందురు. గాలి తక్కువైన టైరు ప్రక్కలు నలిగి లోపల నుండి చెడును. బండియు ఒక ప్రక్కకే లాగును.

చట్రము, బల్ల

చట్రము మూలలు సరిగా నున్నవో లేవో చూచుటకు మగ్గము నిలుపునపుడు చేయు పనినే చేయవలెను. ఒక త్రాడు తీసికొని ఎదురెదురు మూలలు కొలువుడు. రెండు కొలతలును సమానమైనచో చట్రము సరి. తరువాత నొగ కొన నుండి రెండు చక్రముల నడిమికి కొలువుడు. అవియు సమానముగా నుండవలెను. ఇవి సరిపోని బండి ఎల్లప్పుడు ఏటవాలుగా నడచుచు టైరులను అరుగదీయును.

అతుకుల మీద వ్రేలు పెట్టి చూడవలెను. మంచి అతుకు తెగకుండ ఒకే వరుసగా, చిన్న అలలవలె నుండును. బుడిపెలు బుడిపెలుగా, నడుమ సందులతో నున్నది పైపూత అతుకు. అతుకుల మీద మందముగా రంగు పూసి యున్నచో ఎందుకు పూసిరో అడుగవలెను.

బల్లకు వాడు చెక్క 25 మిల్లీమీటర్లకు తగ్గరాదు. పలకల నడుమ వ్రేలు దూరని సన్నని సందు విడిచినచో నీరు నిలువదు. ప్లైవుడ్ వేయదలచినచో నీటికి తట్టుకొనునట్టి ఐ.ఎస్. 710 గుర్తు గలదానినే అడుగవలెను. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, బల్ల మీద ఒక్క మేకు తల కూడ పైకి లేచియుండరాదు. బొగ్గు మోయు బండికి మేకు ఒక లెక్క కాదు. పట్టుచీర మూటకు ఒక్క మేకు చాలును. బోల్టు తలలు చెక్కలోనికి దిగియుండవలెను. చక్రముల పైన రేకు గాని, పలక గాని తప్పక ఉండవలెను. లేనిచో వీధి నీరు, కందెన జిడ్డు క్రింది నుండి మూటకు చిమ్మును. తుప్పు మరక సబ్బుకు లొంగదని మనందరికి అనుభవమే.

వెనుక తగిలించు బండి

కొందరు మూడు చక్రముల బండి వెనుకను, లేక మోటారు బండి వెనుకను రెండు చక్రముల బండిని తగిలించి లాగించుచున్నారు. దీనిలో ప్రాణము వంటిది కొక్కెము. కొక్కెము సీల తనంతట తాను పైకి రాకుండ దానికొక కడసీల ఉండవలెను. అది గాక ఒక గట్టి గొలుసు వేరుగా వేయవలెను. కొక్కెము ఊడినను బండి జనము మీదికి పోకుండ ఆ గొలుసు ఆపును.

సరుకును ఇరుసు మీదను, దానికి కొంచెము ముందునను వేసి, మొత్తము బరువులో సుమారు పదవ వంతు కొక్కెము మీద పడునట్లు చూడవలెను. బరువు వెనుకకు పడినచో బండి తోక ఊపును. ముందు బండిని పైకి ఎత్తును. చేతిబండికిని ఇదే నియమము. పిడి చేతిలో కొంచెము బరువుగా ఆనవలెను గాని పైకి ఎగురరాదు.

మోటారు వాహనము వెనుక లాగబడు బండి 1988 నాటి మోటారు వాహనముల చట్టములో ట్రైలరు అనబడును. కావున అట్టి బండి చేయించుటకు ముందు రిజిస్ట్రేషను విషయము రవాణా కార్యాలయములో విచారించుట మంచిది. చేయించిన తరువాత విచారించుట రెండింతల ఖర్చు.

సరుకు ఎక్కించుట, కట్టుట

బల్ల మీద మొదట రెండు మూడు బద్దెలు పరచి, వాటి మీద గోనెపట్ట వేసి, ఆ పైన మూట నుంచవలెను. అడుగున గాలి ఆడును, నీరు చేరదు. బరువైన మూట అడుగున, ఇరుసు మీద ఉండవలెను. వానకాలములో టార్పాలిన్ పైననే కప్పుట చాలదు. మూట అడుగున గూడ ఒక పట్టా ఉండవలెను. అయితే ప్లాస్టిక్ పట్టాలో మూటను రాత్రియంతయు బిగించి ఉంచరాదు. లోపలి చెమ్మ బయటికి పోక బూజు పట్టును. ఇల్లు చేరగనే విప్పి ఆరనీయవలెను.

నైలాను త్రాడు తడిసిన కొలది సాగును. కావున బయలుదేరిన కొంత దూరమునకు ఒకసారి నిలిచి మరల బిగింపవలెను. ఎండలో ఉన్న ప్లాస్టిక్ త్రాడు పైకి బాగుగనే కనబడును. చేతితో నలిపినపుడు పొడి రాలినచో దానిని పారవేయవలెను. త్రాడు మూట అంచును ఒరయు చోట మడిచిన గోనె ముక్క పెట్టనిచో చీర మడత మీద గీత పడును.

కాపాడుట

ఇరుసుకు కందెన కావలెనని సుమతీ శతకమే మనకు బడిలో చెప్పినది. అయినను ఎక్కువ బండ్లు చెడునది కందెన లేకనే. క్రమము ఈ విధముగా పెట్టుకొనవచ్చును.

ప్రతిదినము: బయలుదేరుటకు ముందు టైరులను వ్రేలితో నొక్కి చూడవలెను. చక్రపు నట్లు, కడసీలలు, బ్రేకు చూడవలెను. ఇది రెండు నిమిషముల పని.

ప్రతివారము: చక్రముల బురద కడిగి తుడువవలెను. కమ్మీలు మీటవలెను. ఒక్కొక్క చక్రమును నేల నుండి ఎత్తి, పైన ఒక చేయి, క్రింద ఒక చేయి ఉంచి అటునిటు ఊపవలెను. లోపల ఆట కనబడినచో బేరింగు వదులైనది. తరువాత చక్రమును త్రిప్పి చెవి పెట్టి వినవలెను. మెత్తని ఒకే చప్పుడు మంచిది. గరగర వినబడినచో లోపల ఇసుక చేరినది, లేక గుండ్లు అరిగినవి.

ప్రతినెల: నట్లు, బోల్టులన్నియు బిగింపవలెను. చక్రపు నట్లను ఒకదాని ప్రక్క నొకటి గాక, ఎదురెదురుగా బిగించుచు పోవలెను. లేనిచో చక్రము వాలుగా కూర్చుండును. క్రొత్త చక్రము వేసినచో మొదటి బరువు మోసిన తరువాత మరల బిగింపవలెను. రంగు లేచిన చోట తుప్పు గీకి, రెడ్ ఆక్సైడు పూసి, ఆరిన తరువాత రంగు వేయవలెను. తుప్పు మీద రంగు పూయుట పుండు మీద కట్టు కట్టి మరచుట వంటిది.

సంవత్సరమునకు ఒకసారి: చక్రములు విప్పి, బేరింగులను కిరసనాయిలులో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నీటికి కరగని క్రొత్త గ్రీజు పెట్టవలెను. పాత గ్రీజు మీద క్రొత్తది నింపుట వలన లోపలి ఇసుక లోపలనే యుండును. చక్రమును మరల వేసి త్రిప్పుచు నట్టు బిగించి, చక్రము బిగిసినట్లు తోచగనే కొంచెము వెనుకకు వదలవలెను. చక్రము స్వేచ్ఛగా తిరుగవలెను; ఊపినచో ఆడరాదు. ఇరుసును తుడిచి, చక్రము కూర్చుండు మలుపు దగ్గర వెంట్రుక వంటి గీత ఉన్నదేమో ఎండలో చూడవలెను. గీత కనబడినచో దానిని అతికింపరాదు. ఇరుసునే మార్చవలెను.

ఈ సాలుపని ఎప్పుడు చేయవలెను? చెన్నపట్నమునకు పెద్దవానలు ఈశాన్యపు గాలితో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చును. వాటికి ముందు ఆశ్వయుజములో ఆయుధపూజ వచ్చును. ఆనాడు మగ్గమునకు, బండికి పసుపు కుంకుమలు పెట్టుట మన ఆచారము. పూజకు ముందటి వారముననే బండిని విప్పి బాగుచేసినచో పూజయు సార్థకము, వానకును భయము లేదు.

బాడుగ బండి అయినచో

అందరికిని స్వంత బండి ఉండదు. బాడుగ బండి మీద మూట వేయుటకు ముందు ఐదు నిమిషములు తీసికొనుటకు మొగమాటపడరాదు. చక్రముల నడిమి భాగములో ఎర్రని తుప్పునీరు కారిన జాడ ఉన్నదా? ఖాళీ బండిని పది అడుగులు నడిపినచో చక్రము వంకరగా ఊగుచున్నదా? ఇరుసు కొన వంగియున్నదా? బల్ల మీద మేకులు లేచినవా? ఇవి చూచి, లోపము కనబడినచో మరియొక బండిని పిలువవలెను. బండివానితో గౌరవముగా మాటాడి, అతని బండిలో కనబడిన లోపమును అతనికి చెప్పవలెను. ముందుగా దెబ్బ తగులునది అతనికే.

సరుకు దారిలో చెడినచో నష్టమెవరిదో ముందుగనే దుకాణము వారితో చీటీ మీద వ్రాసికొనుట కూడ అలవాటు చేసికొనవలెను. మేము ఆ పని చేయకపోవుట వలననే 60 చీరల పాఠము నేర్చుకొంటిమి.

ఉమ్మడి బండి

నాలుగైదు కుటుంబములు కలిసి ఒక మంచి బండి కొనుట మా అభిప్రాయములో అన్నిటికంటె మేలు. ఒక్కరి చేతి డబ్బుతో సన్నని ఇరుసు వచ్చును. ఐదుగురి డబ్బుతో గట్టి ఇరుసు వచ్చును. అయితే ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చినదన్న సామెత మన బండికి పట్టరాదు. దానికి రెండు ఏర్పాట్లు చాలును. ఒకటి, నెలకొక కుటుంబమువారు బండికి పూచీ వహింపవలెను. రెండు, బండి నిలుపు చోట గోడకు ఒక పుస్తకము వ్రేలాడదీయవలెను. అందులో తేదీ, తీసికొనిపోయినవారి పేరు, వేసిన బరువు, కనబడిన లోపము, చేసిన మరమ్మతు వ్రాయవలెను. లోపము వ్రాసినవారిని నిందింపరాదు. లోపము చూచియు వ్రాయనివారిని మాత్రము అడుగవలెను. ప్రతి ప్రయాణమునకు కొద్దిపాటి రుసుము తీసి వేరుగా ఉంచినచో టైరు, బేరింగు కొనుటకు ఎవరి ఎదుటను చేయి చాపనక్కరలేదు.

ఆ తెగిన ఇరుసు ముక్క ఇప్పటికిని మా యొద్దనే ఉన్నది. బండి కొనదలచి సలహాకు వచ్చువారికి మేము మొదట దానినే చేతికిచ్చి, నల్లని సగమును, మెరయు సగమును చూపుచున్నాము. మీ ఇంటనో, మీ వీధిలోనో సరుకు బండి ఉన్నచో, ఈ వారమే తీరిక చేసికొని ఒక్క చక్రమును ఎత్తి, త్రిప్పి, చెవి పెట్టి వినుడు.